ఉమ్రి నుంచి హైదరాబాదు: ఆడవాళ్ల బొమ్మలు వెతుకుతూ ఒక రోజు

హైదరాబాదు పోయివచ్చిన మనవాళ్లను ఏం చూశారని అడిగితే నాలుగే పేర్లు చెప్తారు. చార్మినార్, జూ, బిర్లా మందిరం, ట్యాంక్‌బండ్. తప్పేం లేదు. మనం ఊరికే తిరగడానికి పోయే వాళ్లం కాదు కదా. పెళ్లి బట్టలకో, దవాఖానకో, చుట్టాల ఇంటికో పోతాం. పని అయ్యాక ఒక పూట మిగిలితే ఈ నాలుగింటిలో రెండు చూసి రైలెక్కుతాం. నేనూ పెళ్లయి ఉమ్రికి వచ్చినప్పటి నుంచి అట్లాగే పోయి వస్తున్నాను. ఈసారి మాత్రం ఒక రోజంతా రోడ్ల మీది విగ్రహాలు, గోడల మీది బొమ్మలు చూడటానికే పెట్టుకున్నాం. కారు లేదు, ఆటో బేరాలు లేవు. రైలు, సిటీ బస్సు, మెట్రో, ఆపైన మన కాళ్లు. మన సంఘం ఆడవాళ్లు కూడా పోయి రావచ్చని వివరంగా రాస్తున్నాను.

మేం ముగ్గురం పోయాం. నేను, మా అత్తమ్మ, మా బిడ్డ. అత్తమ్మ పాతికేళ్లు జిన్నింగు మిల్లులో పని చేసింది. మిషన్లకు పత్తి అందించడం, ఏరడం. ఇప్పటికీ దూది ధూళి గుర్తొస్తే దగ్గుతుంది. మా బిడ్డ పన్నెండో తరగతి. మహారాష్ట్ర సర్కారు పెట్టే ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షలు రెండూ పాసైంది. ఇప్పుడు బొమ్మల కాలేజీలో చేరతానంటుంది. దాని నాయన ఒకటే మాట, "బొమ్మలు కూడు పెడతయా?" నాకూ జవాబు తెలియదు. అందుకే హైదరాబాదులో ఆ కాలేజీ ఒకసారి కనుక్కుని వద్దామని బయలుదేరాం. అత్తమ్మ వస్తానంది కానీ ఒక షరతు పెట్టింది.

"రాజుల బొమ్మలు, లీడర్ల బొమ్మలు బగ్గ చూసిన. మనసొంటి ఆడోళ్ల బొమ్మ ఏడన్న ఉంటే గది సూపెట్టు బిడ్డా."

రోజంతా ఆ మాటే మాకు దారి చూపింది.

ఉమ్రికి హైదరాబాదు కొత్త కాదు. 1956 దాకా మన మరాఠ్వాడా అంతా హైదరాబాదు రాజ్యంలోనే ఉండేది. తర్వాత కాగితాలు బొంబాయి వైపు తిరిగాయి గానీ పట్టాలు మాత్రం అటే పోతున్నాయి. తెల్లవారుజామున ఉమ్రిలో ఎక్కితే కర్‌ఖేలీ, ధర్మాబాద్, బాసర. బాసర దాటగానే గోదావరి వంతెన. పెట్టెలో అందరూ కిటికీల దగ్గరకు వచ్చి రూపాయి బిళ్లలు విసిరారు. ఆ తర్వాత నిజామాబాద్, కామారెడ్డి. ఐదారు గంటల్లో కాచిగూడ. అక్కడి దాకా పెట్టెలో సగం మరాఠీ, సగం తెలుగు. కాచిగూడలో దిగాక ఉర్దూ కలిసింది.

స్టేషన్ బయట సిటీ బస్సు ఎక్కాం. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కండక్టర్ ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టి ఇస్తారు. అయితే అది తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే. మా ఆధార్ల మీద ఉమ్రి, జిల్లా నాందేడ్ అని ఉంది. కండక్టరమ్మ నవ్వి, "మీకు పైసలు పడతయమ్మా" అంది. మన దగ్గర ఎస్టీ బస్సులో 2023 మార్చి నుంచి ఆడవాళ్లకు సగం టికెట్. అత్తమ్మ లెక్క తేల్చేసింది. "మనూరి బస్సుల సగం, గీడ నిండు. మాట్లాడేది మాత్రం గీ తెలుగే." చుట్టుపక్కల ఆడవాళ్లంతా నవ్వారు. మీరు పోతే చిల్లర దగ్గర పెట్టుకోండి.

మొదట కోఠిలో దిగాం. అక్కడ పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉంది. పెద్ద పెద్ద తెల్ల స్తంభాలు, మెట్ల దగ్గర సింహాలు. 1949 నుంచి అందులో ఆడపిల్లల కాలేజీ నడుస్తోంది. ఇప్పుడది విశ్వవిద్యాలయం. 2024 సెప్టెంబర్‌లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. లోపలికి పోవడానికి మాకు పని లేదు గనక గేటు దగ్గరే నిలబడ్డాం. అత్తమ్మకు చదువు రాదు. బిడ్డ పేరు చదివి వినిపించింది.

ఐలమ్మ కథ మా అత్తమ్మకు వాళ్లమ్మ చెప్పిందట. పాలకుర్తిలో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని సాగు చేసుకుంది. విస్నూరు దేశ్‌ముఖ్ పంటను లాక్కుపోదామని మనుషులను పంపితే సంఘం వాళ్లతో కలిసి ఎదురు నిలబడి ధాన్యం ఇంటికి చేర్చుకుంది. 1985లో చనిపోయింది. తెలంగాణ సాయుధ పోరాటం పుస్తకాల్లో ఆమె పేరు లేకుండా ఉండదు.

"బట్టలుతికే ఆడిమనిషి పేరు గింత పెద్ద కాలేజికా?" అని అత్తమ్మ గేటును చేత్తో తాకింది. అక్కడ మేం చూసింది విగ్రహం కాదు, ఒట్టి పేరే. అయినా ఆ రోజు అత్తమ్మ ముఖం మొదటిసారి వెలిగింది అక్కడే.

కోఠి నుంచి నడిచిపోయి ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్ ఎక్కాం. హైదరాబాదు మెట్రో 2017 నవంబర్ చివర్లో మొదలైంది. అత్తమ్మకు కదిలే మెట్లంటే భయం, లిఫ్టు ఉంది, దానిలో పోయాం. గాంధీభవన్, నాంపల్లి, మూడోది అసెంబ్లీ. టికెట్ పెద్ద ఖర్చేం కాదు. పైనుంచి ఊరు చూస్తూ పోవచ్చు. కింద రోడ్డు మీద కనిపించని పాత గుమ్మటాలు, మేడల మీద ఆరేసిన చీరలు అన్నీ కనిపిస్తాయి.

అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్కు. అక్కడ 1969 తెలంగాణ ఉద్యమంలో చనిపోయిన వాళ్ల గుర్తుగా స్తూపం ఉంది. చెక్కింది ఎక్కా యాదగిరిరావు. మనిషి బొమ్మ ఒక్కటీ లేదు. కింద రాయి, పైన తెల్ల చలువరాతి పువ్వు. తెలంగాణ వచ్చినప్పటి నుంచి ఏ సభ జరిగినా నాయకులు ముందు ఇక్కడికి వచ్చి దండం పెట్టి పోతారు. మా బిడ్డ చెట్టు నీడలో కూచుని నోట్‌బుక్కులో దాన్ని గీసుకుంది. "ముఖం లేకున్నా ఏడుపొస్తుంది కదమ్మా" అంది. అప్పుడు నాకు కొంచెం అర్థమైంది, బొమ్మ చదువు అంటే ముఖం అచ్చు దించడం ఒక్కటే కాదని.

తర్వాత లకడీకాపూల్ వైపు నుంచి మాసబ్‌ట్యాంక్ బస్సు. అక్కడ మహావీర్ మార్గ్‌లో ఉంది మేం వెతుకుతున్న కాలేజీ. జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం. 2008లో విశ్వవిద్యాలయం అయింది గానీ బొమ్మల బడి అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ఉంది. చిత్రలేఖనం, శిల్పం, ప్రకటనల బొమ్మలు, ఫొటోగ్రఫీ, యానిమేషన్ నేర్పుతారు. ఇంటర్ తర్వాత ఫాడీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో బొమ్మ వేయించి కూడా చూస్తారు. బయటి రాష్ట్రం పిల్లలకు ఏం లెక్కో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. ఇంట్లో బొమ్మలేసే పిల్లలున్న వాళ్లు ఇది రాసిపెట్టుకోండి.

గేటు బయట చెట్టు కింద ఒక అమ్మాయి మట్టి అంటిన చేతులతో టిఫిన్ డబ్బా తెరుస్తోంది. అత్తమ్మ ఆగి, "ఏం బిడ్డా, గోడ కట్టే పనికి పోయినవా?" అని అడిగింది. ఆ పిల్ల నవ్వి, "కాదు అవ్వా, శిల్పం నేర్చుకుంటున్న. మట్టితో తల చేస్తున్నం" అంది. అత్తమ్మ ఆ చేతుల వంకే చూసింది. తన చేతుల్లాగే ఉన్నాయి, గోళ్ల సందుల్లో పని మిగిలిపోయిన చేతులు. బస్సులో చాలాసేపు ఏం మాట్లాడలేదు.

అక్కడి నుంచి ఖైరతాబాద్ వచ్చి, రాజ్‌భవన్ రోడ్డు దాటి ఎం.ఎస్. మక్తా అనే బస్తీకి పోయాం. ఈ చోటు తప్పకుండా చూడండి, దీనికి టికెట్ లేదు. ఒకవైపు రైలు పట్టాలు, అవతల నెక్లెస్ రోడ్డు. ఎంఎంటీఎస్ రైలులో వస్తే ఖైరతాబాద్‌లోనో నెక్లెస్ రోడ్‌లోనో దిగి నడవచ్చు. మన బస్తీల్లాంటిదే. ఇరుకు సందులు, నీళ్ల డ్రమ్ములు, గుమ్మాల్లో కూచుని ఉల్లిగడ్డలు కోసే ఆడవాళ్లు. 2016లో స్టార్ట్ ఇండియా అనే సంస్థ దేశంలోని, బయటి దేశాల చిత్రకారులను పిలిపించి ఇక్కడి ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించింది. వేసిన వాళ్లలో హైదరాబాదుకు చెందిన స్వాతి, విజయ్ అనే దంపతులు ఉన్నారు. వాళ్లు నగరంలో ఇంకా చాలా చోట్ల గోడలకు ప్రాణం పోశారు. మామూలు పల్లె మనుషుల ముఖాలే వాళ్ల బొమ్మలు.

కొన్ని బొమ్మలు ఎండకు వెలిసిపోయాయి. కొన్నింటి మీద కొత్త సున్నం పడింది, కొన్నింటికి అడ్డంగా పైపులు వచ్చాయి. ఉన్నవాటిలో ఒక ఆడమనిషి ముఖం ముందు అత్తమ్మ నిలబడిపోయింది. ముక్కుపుడక, నుదుట పెద్ద బొట్టు, నెత్తి మీద కొంగు. రాణి కాదు, దేవత కాదు.

"గీమె ఎవలు?" అంది.

అక్కడ ఇంటి ముందు కూచున్న ముసలామె జవాబు చెప్పింది. "ఎవలో ఏమో అవ్వా. మాలెక్కనే ఉన్నది. గందుకే మీద సున్నం ఎయ్యలే."

ఆ రోజు మేం విన్న మాటల్లో పెద్దది ఇదే. ఎత్తు గద్దె లేదు, చుట్టూ కంచె లేదు, కాపలా పోలీసు లేడు. తమలాగే ఉంది కాబట్టి ఆ ఇంటివాళ్లే దాన్ని కాపాడుకుంటున్నారు. మా బిడ్డ గోడ దగ్గరకు పోయి రంగు ఎట్లా పట్టించారో, ముఖం మీద నీడ ఎక్కడ పెట్టారో వేలితో చూస్తూ తిరిగింది. "ఇంత పెద్దది గీయాలంటే పరంజా ఎక్కాలి కదమ్మా? ఆడవాళ్లు ఎక్కుతరా?" అని అడిగింది. "స్వాతి ఎక్కింది కదనే" అన్నాను. ఇంకేం అడగలేదు.

మధ్యాహ్నం మక్తాలోనే చాయ్ తాగి, మూట విప్పుకుని జొన్నరొట్టె, పల్లీల పొడి తిన్నాం. ఎండ తగ్గాక నెక్లెస్ రోడ్డు మీదుగా నడిచాం. దారిలో ఇందిరాగాంధీ విగ్రహం కనిపిస్తుంది. ముందుకు పోతే అంబేడ్కర్ విగ్రహం. 125 అడుగులు, కింద పీఠం ఇంకో 50. 2023 ఏప్రిల్ 14న తెరిచారు. దీన్ని చేసింది మన మహారాష్ట్ర మనిషే. ధూళే జిల్లా గోందూర్‌లో వడ్రంగి ఇంట పుట్టిన రామ్ సుతార్. గుజరాత్‌లోని సర్దార్ పటేల్ పెద్ద విగ్రహమూ ఆయన రూపకల్పనే. "వడ్ల పనోని కొడుకు గింత పెద్దగ చేసిండా!" అని అత్తమ్మ తల పైకెత్తి చూసి చూసి, మెడ నొప్పి పుట్టి కూచుంది. మా బిడ్డ మాత్రం ఈ మాట నోట్‌బుక్కులో రాసుకుంది. నాయనకు చూపించడానికని తర్వాత తెలిసింది.

పక్కనే సచివాలయం. దాని ఆవరణలో 2024 డిసెంబర్ 9న తెలంగాణ తల్లి విగ్రహం పెట్టారు. అంతకుముందు అందరికీ అలవాటైన తెలంగాణ తల్లికి కిరీటం ఉండేది, చేతిలో బతుకమ్మ ఉండేది. కొత్త విగ్రహానికి కిరీటం లేదు. ఆకుపచ్చ చీర కట్టి, ఒక చేత్తో పంట కంకులు పట్టుకుని ఉంటుంది. దీని మీద అప్పట్లో పెద్ద వాదన నడిచింది. మా ముగ్గురి మధ్య కూడా నడిచింది. అత్తమ్మ, "కిరీటం తీసేస్తేనే మంచిగయింది, మన సుట్టమసొంటిది అయింది" అంది. బిడ్డ, "మరి బతుకమ్మ ఎటుపోయింది బాపమ్మా? అది మనం చేసేదే కదా" అంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. పనిచేసే ఆడమనిషి రూపం వచ్చింది, ఆమె చేతిపని పోయింది. రెండూ కలిసి ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను.

చివరికి ట్యాంక్‌బండ్. హుస్సేన్‌సాగర్ 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్వించిన చెరువు. గట్టు మీద విగ్రహాల వరుస 1980లలో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పెట్టించింది. నన్నయ, తిక్కన, వేమన, శ్రీశ్రీ, జాషువా, మఖ్దూం. 30కి పైగా ఉన్నాయి. మేం ఒక చివర నుంచి లెక్కపెడుతూ పోయాం. బిడ్డ పేర్లు చదువుతుంటే అత్తమ్మ వేళ్లు మడిచింది. ఆ వరుసలో ఆడవాళ్లు ఇద్దరే. ఒకరు కాకతీయ రాణి రుద్రమదేవి. ఇంకొకరు మొల్ల. కుమ్మరి ఇంటి ఆడబిడ్డ, రామాయణాన్ని తెలుగులో రాసింది.

"కుండలు చేసే ఇంటి పిల్లా?" అని అత్తమ్మ మొల్ల దగ్గర ఆగింది. చెప్పులు విప్పింది. నేనేం అనలేదు. నన్నయకు, తిక్కనకు విప్పలేదు, రుద్రమకూ విప్పలేదు.

చెరువు నడుమ బుద్ధుడు. సుమారు 58 అడుగుల ఒకే రాయి. రాయగిరి గుట్ట నుంచి తెచ్చి గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కారు. 1990 మార్చి 10న పడవ మీద తీసుకుపోతుంటే నీళ్లలో మునిగింది. కొందరు పనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. విగ్రహం రెండేళ్లకు పైగా చెరువు అడుగునే ఉండి, 1992 డిసెంబర్ 1న పైకి లేచి నిలబడింది. బుద్ధుడిని అందరూ ఫొటో తీసుకుంటారు. చనిపోయిన వాళ్ల పేర్లు నాకైతే గట్టు మీద ఎక్కడా కనబడలేదు. మిల్లు ఇళ్లలో పుట్టి పెరిగిన మనకు ఇది కొత్త సంగతా? గుడ్డ మీద మిల్లు ముద్ర ఉంటుంది, నేసినవాళ్ల పేరు ఉండదు.

సికింద్రాబాదుకు పోయే సిటీ బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఇంత పెద్ద నగరంలో రాతిలో, కంచులో ఆడవాళ్లను వెతకడానికి మాకు ఒక రోజు పట్టింది. మన బస్తీలో అయితే ఏ పొద్దున చూసినా ఆడవాళ్ల చేతి బొమ్మలు వాకిట్లోనే ఉంటాయి. చుక్కల ముగ్గు చూడండి. కొలబద్ద లేకుండా ఇరవై ఒక్క చుక్క సరిగ్గా పెట్టి, ఎక్కడా తెగకుండా గీత కలపడం చిన్న విద్య కాదు. బతుకమ్మ చూడండి. తంగేడు, గునుగు, బంతి, చేమంతి వరుస తప్పకుండా గుండ్రంగా పేర్చుకుంటూ పైకి గోపురంలా తేవడం శిల్పం కాకపోతే ఏమిటి? అయితే ముగ్గు మరునాడు ఊడ్చేస్తాం, బతుకమ్మను నీళ్లలో వదిలేస్తాం. అది దాని ధర్మం, ఉంచమని నేను అనను. కానీ చేసిన చేతి పేరు కూడా దానితోపాటే నీళ్లలో పోతోంది. ఇది మాత్రం ధర్మం కాదు.

పోదామనుకునే వాళ్లకు నాలుగు మాటలు. సద్ది మూట, నీళ్ల సీసా, మెత్తటి చెప్పులు ఉండాలి. మేం పోయిన వరుసలోనే పోతే తిరిగిన దారిలో మళ్లీ తిరగక్కర్లేదు: కోఠి, అసెంబ్లీ, మాసబ్‌ట్యాంక్, మక్తా, నెక్లెస్ రోడ్డు, ట్యాంక్‌బండ్, సికింద్రాబాదు స్టేషన్. పెద్దవాళ్లు వెంట ఉంటే మధ్యాహ్నం ఎండలో నడక పెట్టుకోవద్దు. మక్తాలో ఇళ్ల ముందు ఫొటోలు తీసేటప్పుడు అడిగి తీయండి, అవి మనుషులు ఉండే ఇళ్లు. ప్రతి బొమ్మ దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరి బొమ్మ, ఎవరు చేశారు. పిల్లలతో రాయించండి.

ఇంటికి వచ్చాక బిడ్డ నోట్‌బుక్కు నాయన ముందు పెట్టింది. ఆయన ఒక్కో కాగితమే తిప్పాడు. గన్‌పార్కు పువ్వు, మట్టి అంటిన చేతులు, మక్తా గోడ మీది ముఖం. వడ్రంగి కొడుకు అని రాసిన చోట కాసేపు ఆగాడు. "ఫారం వచ్చినప్పుడు చూద్దాం" అన్నాడు. సరే అనలేదు. కాదు అని కూడా అనలేదు.

మన సంఘానికి నాదొక మనవి. ఈ ఏడు సద్దుల బతుకమ్మ నాడు ప్రతి గల్లీ బతుకమ్మను నీళ్లలో వదిలేముందు ఫొటో తీసి, పేర్చిన వాళ్ల పేర్లు దాని కింద రాసి గుడిలో ఉంచుదాం. రెండోది, ప్రతి బస్తీలో ఒక్క గోడ ఆడపిల్లలకు వదలండి. రంగుల ఖర్చు ఇంటికి పది రూపాయలు వేసుకున్నా వస్తుంది. మా గల్లీలో మార్కండేయ గుడి వెనక గోడ ఖాళీగానే ఉంది. దాని మీద మొదటి బొమ్మ ఎవరిది వేయాలో అత్తమ్మ అప్పుడే చెప్పేసింది. జిన్నింగు మిల్లులో తన పక్కన ఏళ్ల తరబడి పత్తి ఏరి, పోయినేడు కాలం చేసిన తన జోడీదారుది. ఆమె ఫొటో ఇంట్లో ఒక్కటి కూడా లేదు. అత్తమ్మ నోటితో చెప్తుంటే మా బిడ్డ గీస్తోంది. ముక్కు ఇప్పటికి మూడుసార్లు మార్పించింది.